పేరు వేయని కాపీ

ముందే ఒప్పేసుకుంటే ఇద్దరికీ సుఖం: నాకు పెంచి చెప్పే అలవాటుంది. అరగంట కరెంటు పోతే మూడు రోజులు పోయిందంటాను. గోడ మీద బల్లిని చూస్తే ఉడుమంటాను. మా ఆవిడ నేను చెప్పే ప్రతి అంకెనీ నాలుగుతో భాగించి వింటుంది. మా బావమరిది ఆరుతో భాగిస్తాడు, శేషం కూడా ఉంచుకోడు. మీరు మీ ఓపికను బట్టి కానివ్వండి.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా మేనకోడలు ఈమధ్య కంప్యూటర్ల భద్రత చూసే ఉద్యోగంలో చేరింది. "మామయ్యా, నీ సర్వీసులో నేర్చుకున్నవి రాసిపెట్టవా, మా ఆఫీసులో కొత్తవాళ్లం అందరం చదువుకుంటాం" అంది. నన్ను మాట్లాడమని అడిగినవాళ్లు ఇంతవరకూ తక్కువ, ఆపమని అడిగినవాళ్లే ఎక్కువ. అందుకని అదే రోజు కాగితాలు కొనుక్కొచ్చాను. యాభై ఏడో ఏట మోకాళ్లు ఇక బల్లల కిందికి వంగేది లేదని మొరాయించాక, ఉద్యోగం మానేసి మధురానగర్‌లో ఇంటిపట్టున కూర్చున్న మనిషికి ఇంతకన్నా పనేముంది?

బల్లల కింద బతుకు

ఇరవై ఏడేళ్లు ఫిల్మ్ నగర్‌లో ఒక ఎడిటింగ్ ఆఫీసులో కంప్యూటర్లు చూశాను. షూటింగ్ అయ్యాక ఆ దృశ్యాలన్నీ మా దగ్గరికి వస్తాయి. కోసి, అతికించి, సినిమా చేసి పంపుతాం. కార్డు మీద నాకేదో పెద్ద హోదా ఉండేది కానీ జనం 'నెట్టు మూర్తి' అనేవారు. ఎడిటింగ్ కంప్యూటర్లు ఆగకుండా చూడటం నా పని అని ఉద్యోగంలో చేరినప్పుడు చెప్పారు. అసలు పని వేరే ఉందని వారంలో తెలిసింది. నిర్మాతగారి ఇంట్లో వైఫై రాకపోయినా, హీరోగారి నాన్నగారి ఫోన్‌లో అక్షరాలు చిన్నవైపోయినా, సంగీత దర్శకుడి అత్తగారికి టీవీలో సీరియల్ పడకపోయినా "మూర్తిని పంపండి" అని ఫోన్ వచ్చేది. జూబ్లీహిల్స్‌లో నాకు తెలిసినన్ని బల్లల అడుగులు వాటిని చేసిన వడ్రంగులకు కూడా తెలియవు.

ఒక ఇంటి సంగతి చెబుతాను. ఆ ఇంట్లో హాలు ఎంత పెద్దదంటే ఈ చివర తుమ్మితే ఆ చివర 'చిరంజీవ' అనడానికి బస్సెక్కి రావాలి. మూడు ఇంటర్నెట్ కనెక్షన్లున్నాయి, ఒక్క గదిలోనూ నెట్ లేదు. నాకన్నా ముందు వచ్చిన నిపుణులు నాలుగో కనెక్షన్ పెట్టించుకోమని చెప్పి వెళ్లారట. నేను ఒక పూటంతా వెతికితే రూటర్ దొరికింది. అది కనిపిస్తే ఇంటి అందం పోతుందని ఇంటీరియర్ చేసినాయన దాన్ని తాతలనాటి ఇత్తడి గంగాళంలో పెట్టి, మూత వేసి, పైన బొమ్మ పెట్టాడు. వీడియో కాల్ మాట్లాడాలంటే ఇంటిల్లిపాదీ ఆ గంగాళం చుట్టూ చలిమంట కాచుకున్నట్టు చేరేవారు. నేను చేసిందల్లా మూత తీయడమే. ఇల్లంతా ఫోన్లు ఒక్కసారిగా టింగుటింగుమన్నాయి. ఆ ఇంటి అమ్మగారు సంతోషంతో బొబ్బట్లు పెట్టారు. పన్నెండు తిన్నాను.

కాబట్టి నా మొదటి అభిప్రాయం రాసుకోండి: కొత్త వస్తువు కొనేముందు పాతదాని మీద ఏం మూతుందో చూడండి. మనవాళ్లు ఫోన్ నెమ్మదిస్తే కొత్త ఫోన్ కొంటారు, ఐదేళ్ల పెళ్లి వీడియోలు మాత్రం చెరపరు. గేటుకి కెమెరాలు పెడతారు, ఆ కెమెరాకి కంపెనీవాడిచ్చిన పాస్‌వర్డ్ మార్చరు. అప్‌డేట్ చేయమని ఫోన్ మొత్తుకుంటుంటే 'తర్వాత' అని నొక్కే వేలికి ఉన్నంత బలం మరే అవయవానికీ ఉండదు. నాకు తెలిసిన ఒక దర్శకుడు సంఖ్యాశాస్త్రం చూసేవాణ్ణి అడిగి, కూడితే తొమ్మిది వచ్చే పాస్‌వర్డే పెట్టేవాడు. "హ్యాకర్ కూడా ఆయన దగ్గరికే వెళ్తే ఏం చేస్తారండీ?" అని అడిగాను. ఆయన "అపాయింట్‌మెంట్ దొరకదు లెండి" అన్నాడు.

పెద్దాయన రిజిస్టరు

మా ఆఫీసు యజమాని కోటేశ్వరరావు గారు. గుంటూరు వైపు మనిషి. మద్రాసులో ఫిల్మ్ లాబరేటరీలో కుర్రతనం గడిపి, రీలు డబ్బాలు భుజాన మోసి పైకొచ్చినవారు. ఏ డబ్బా ఎవరి దగ్గరుందో తెలియనిదే ఆ రోజుల్లో ఆయనకి అన్నం సహించేది కాదట. కాలం మారి సినిమా గుప్పెడంత హార్డ్‌డిస్కులోకి వచ్చినా ఆయన అన్నం విషయం మారలేదు. తలుపు దగ్గర చెక్క బల్ల, దాని మీద పొడుగాటి రిజిస్టరు, దారంతో కట్టిన పెన్ను. ఏ డిస్కు బయటికి వెళ్లినా, లోపలికొచ్చినా అందులో రాయాల్సిందే. అది ఎంత బరువంటే దాన్ని తెరవడానికి ఇద్దరు కావాలి, మూయడానికి ముగ్గురు.

ఆయనవి రెండే సూత్రాలు. ఒకటి, సినిమా ఉన్న గదిలో ఇంటర్నెట్ ఉండకూడదు. ఎడిటింగ్ గదుల్లోకి ఫోన్లు కూడా రానిచ్చేవారు కాదు. ముందు గదిలో నా బల్ల మీదున్న కంప్యూటర్‌కి ఒక్కదానికే నెట్. రెండు, చూడటానికని ఎవరికి ఏ కాపీ ఇచ్చినా, ఆ మనిషి పేరు తెర మధ్యలో లేతగా పడుతూ ఉండాలి. రేపది బయటికి పొక్కితే ఎవరి చేతిలోంచి పొక్కిందో ఆ పేరే చెబుతుంది.

నేను కొత్తలో ఆ మొదటి సూత్రం మీద ఆయనతో వాదించేవాణ్ణి.

"ఏమయ్యా మూర్తీ, నీ ఇంటర్నెట్టు గాలిలో పోతుందా, గోడలో పోతుందా?"

"రెంటిలోనూ పోతుందండి."

"మరి తాళం దేనికేస్తావ్?"

ఇప్పుడు మా మేనకోడలు పెద్ద పెద్ద మాటలతో చెప్పే సిద్ధాంతమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. ఆ పెద్దాయన ఒక్క ఈమెయిల్ కూడా స్వయంగా పంపి ఎరగరు. నేను చూసినవాళ్లలో కంప్యూటర్ భద్రత బాగా తెలిసిన మనిషి మాత్రం ఆయనే.

రెండో గురువు యాదగిరి. మా ఆఫీసులో అసిస్టెంట్ ఎడిటరు. నాకన్నా ఐదారేళ్లు చిన్న. రహమత్‌నగర్‌లో ఒక సన్నటి సందులో కాపురం. మా ఆఫీసు నుంచి కొండ దిగితే పదిహేను నిమిషాలు. కొండ మీద ఆ గంగాళం ఇంటికి మూడు కనెక్షన్లుంటే, కింద యాదగిరి ఇంట్లో నలుగురికి ఒకే ఫోన్ నెట్. పిల్లకి ఆన్‌లైన్ పరీక్ష ఉంటే ఫోన్ డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన పెట్టాలి, అక్కడే సిగ్నల్. కానీ వాళ్లింట్లో ఉన్న జాగ్రత్త కొండ మీద లేదు. ఓసారి నేను కూర్చుని ఉండగానే యాదగిరి భార్య లక్ష్మికి ఫోన్ వచ్చింది. బ్యాంకు నుంచి, కార్డు ఆగిపోతుంది, ఫోన్‌లో వచ్చిన ఓటీపీ నంబరు చెప్పమ్మా అని.

"బ్యాంకు నుంచా? ఏ బ్రాంచి? అట్లనా! నేను గీడనే ఉంట. ఐదు నిమిషాల్ల గాడికే వస్త, ఎదురుంగనే చెప్త. నీ కుర్చీ యాడుంటది బిడ్డా?"

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు నాకు వినిపించింది. లక్ష్మి మళ్లీ చిక్కుడుకాయలు ఒలవడంలో పడిపోయింది. అదే వారం కొండ మీద ఒక పెద్ద చదువుల పెద్దమనిషి ఆ నంబరు చెప్పడమే కాక, అవతలివాడికి సరిగ్గా వినపడలేదని రెండుసార్లు చెప్పాడు.

దెయ్యం మొహం మీద అక్కయ్య పేరు

ఇప్పుడు అసలు సంగతి. ఇది నేను చేసిన తప్పు. నా సర్వీసంతటిలో ఇంతకన్నా పెద్దది లేదు.

సుబ్బరాజుగారని ఒక నిర్మాత. భీమవరం వైపు నుంచి వచ్చారు, మొదటి సినిమా. దెయ్యం సినిమా. మంచి మనిషి, కాకపోతే సెంటిమెంట్లు మనిషికన్నా ఎత్తు. ఆయనకి వెంగళరావు నగర్‌లో ఒక అక్కగారు, సత్యవతి గారు. తల్లి పోయాక పెంచింది ఆవిడే.

"మా అక్క చూసి 'బావుందిరా' అనందే నేను చెప్పుల జత కూడా కొన్లేదండి. సినిమా ఫస్టు ఆవిడే చూడాలి. మోకాళ్ల నొప్పులు, థియేటర్‌కి రాలేదు. ఇంటికే పంపాలండి" అన్నారు.

"పంపుదాం. ఆవిడ పేరు వేసి ఇస్తాం" అన్నారు మా పెద్దాయన.

సుబ్బరాజుగారు లేచి నిలబడ్డారు. "సినిమా నిండా దెయ్యమే కదండీ! ప్రతి సీన్లో దెయ్యం మొహం మీద 'సత్యవతి' అని పడితే ఇంకేమన్నా ఉందా? అక్క పేరండీ అది!"

గంటసేపు వాదన. నేనైతే మూడు రోజులంటాను. చివరికి పెద్దాయన దిగొచ్చారు. పేరు వేయని కాపీ ఒకే ఒక్కటి. అది డిస్కులోనే. యాదగిరే తీసుకెళ్లాలి, పక్కన కూర్చుని చూపించాలి, తిరిగి తేవాలి. రిజిస్టరులో స్వయంగా రాశారు: పేరు లేని కాపీ, ఒకటి, యాదగిరి.

యాదగిరి వెళ్లాడు. ఎండలో గంటకి తిరిగొచ్చాడు. "అన్నా, ఆ టీవీ ఈ డిస్కును పట్టుకుంటలేదు. జర మార్చియ్యవా?"

మార్చివ్వడానికి పది నిమిషాల పని. కానీ నాలో ఒక తెలివైనవాడున్నాడు, వాడికి ఎప్పుడూ పది నిమిషాల పని నచ్చదు. "నువ్వు మళ్లీ ఎండలో పడి వెళ్లడమెందుకయ్యా? నేను నెట్‌లో పెట్టి లింకు పంపేస్తా. ఆవిడ సోఫాలోంచి లేవకుండా చూస్తుంది" అన్నాను. ముందు గదిలో నా కంప్యూటర్‌కి డిస్కు తగిలించాను. రిమోట్‌తో అక్షరాలు కొట్టడం పెద్దావిడకి కష్టం కదా అని పాస్‌వర్డ్ ఎనిమిది ఒకట్లు పెట్టాను. అంతటి దయగల పాస్‌వర్డ్ ప్రపంచంలో ఇంకెవరూ పెట్టి ఉండరు.

యాదగిరి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "అన్నా, రిజిస్టర్ల రాయాలె గద."

"రాస్తే పెద్దాయన ఉపన్యాసం మొదలెడతాడు. రేపు మెల్లగా చెబుదాంలే."

"నీ ఇష్టం. నాకైతే మంచిగనిపిస్తలేదు."

సత్యవతి గారు సినిమా చూశారు. 'బావుందిరా' అన్నారు. సుబ్బరాజుగారు ఆఫీసంతటికీ పూతరేకులు పంచారు. నేను నా తెలివిని తలుచుకుంటూ నాలుగు తిన్నాను. రేపు చెబుదామన్న రేపు మాత్రం రాలేదు.

మూడు నిమిషాలు

మంగళవారం పొద్దున ఫిల్మ్ నగర్‌లో ఏ ఫోన్ చూసినా మా దెయ్యమే. ఎవరో టీవీ తెరని ఫోన్‌తో తీశారు. ఇంటర్వెల్ ముందు దెయ్యం అసలు ఎవరో తెలిసిపోయే మూడు నిమిషాలు. ఇంకా విడుదలే కాని సినిమా. టీ కొట్టు దగ్గర ఒకడు "ఆ వదినే దెయ్యమంట" అని ఇంకొకడికి చెబుతుంటే నా చెవులతో విన్నాను.

దెయ్యం మొహం మీద ఏ పేరూ లేదు.

పెద్దాయన రిజిస్టరు తెరిచారు. పేరు లేని కాపీ, ఒకటి, యాదగిరి. ఆ వరస మీద వేలు పెట్టి మూడుసార్లు చదివారు. ఆ అంకె నేను పెంచడం లేదు. సుబ్బరాజుగారు పోలీసు కంప్లయింటు అన్నారు. ఈ ఊళ్లో ఎడిటింగ్ గదిలో పనిచేసేవాడి మీద సినిమా బయటపెట్టాడన్న మాట పడితే, అది కోర్టులో తేలేదాకా ఎవరూ ఆగరు. ఒక్క సాయంత్రంలో అన్ని ఆఫీసులకూ తెలిసిపోతుంది, ఇంకే గది తలుపూ తెరుచుకోదు. పద్దెనిమిదేళ్లు పనిచేసి, ఆ ఏడే ఎడిటర్‌గా సొంతంగా ఒక సినిమా చేతికి రాబోతున్న మనిషి యాదగిరి. పోయేది అదంతా.

"ఈ కాపీ నీ చేతిలోంచి ఎవరికన్నా ఇచ్చావా యాదగిరీ?" పెద్దాయన అడిగారు.

యాదగిరి నా వైపు చూడలేదు. "నేను తప్పు జెయ్యలే సార్."

"అది కాదు నేనడిగింది."

"నేను గంతే చెప్త సార్."

ఇంటికి వెళ్లమన్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ అతని టిఫిన్ క్యారియరు గిన్నె గిన్నె విప్పి చూశాడు. పప్పు గిన్నెలో కూడా చూశాడు. యాదగిరి మళ్లీ ఒక్కొక్క గిన్నే పేర్చుకుని, పిడి బిగించుకుని, కొండ దిగిపోయాడు.

అప్పుడు మోగింది నా ఫోన్. సత్యవతి గారు.

"బాబూ మూర్తీ, నీ లింకు బంగారంలాంటిదయ్యా! మా పారాయణం గ్రూపులో వేశాను. మా తమ్ముడి సినిమా, మీరందరూ చూసి దీవించండమ్మా అని. ఆ ఒకట్లు కూడా రాసి పెట్టాను. పాపం అందరికీ బాగా పనిచేసింది."

ఫోన్ పెట్టేసి, తిన్నగా పెద్దాయన గదిలోకి నడిచాను. సుబ్బరాజుగారు అక్కడే ఉన్నారు. తప్పు నాదని చెప్పాను. చెప్పానంటే, నాకొచ్చిన పద్ధతిలోనే చెప్పాను. ఎండ నిప్పులు చెరిగిందన్నాను, డిస్కు పొగలు కక్కిందన్నాను, పారాయణం గ్రూపులో నాలుగు వేలమంది ఆడవాళ్లున్నారన్నాను.

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నీ స్నేహం మెచ్చుకుంటానయ్యా. కానీ వాణ్ణి కాపాడ్డానికి నువ్వు కథ అల్లితే నేను నమ్మాలా?"

"కథ కాదండీ!"

"మొన్న స్టోర్ రూములో ఉడుమన్నది కూడా కథ కాదన్నావ్" అన్నారు సుబ్బరాజుగారు.

మా మేనకోడలా, ఇది బాగా చదువు. జీవితంలో ఒక్కసారి నిజం చెప్పాల్సొచ్చింది, నా దగ్గర దానికి సరిపోయే గొంతు లేదు. ఒక తెల్లకాగితం అడిగాను. నిలబడే రాశాను. డిస్కు నేను తీసుకున్నాను. లింకు నేను పెట్టాను. పాస్‌వర్డ్ నేను ఇచ్చాను. యాదగిరి రాయమన్నాడు. నేను రిజిస్టరులో రాయలేదు. అతనికి ఇందులో భాగం లేదు. కింద సంతకం.

పెద్దాయన రెండుసార్లు చదివారు. "ఇది నిజమే రాజుగారూ. ఇంత పొట్టి వాక్యాలు వీడి దగ్గర ఎప్పుడూ చూళ్లేదు" అన్నారు.

సుబ్బరాజుగారు అక్కగారికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టారు.

"ఒరే సుబ్బూ! గ్రూపులో అందరూ జడుసుకు చచ్చారురా! వాళ్ల పిల్లలకి పంపారట, కోడళ్లకి పంపారట. ఎంత పేరొచ్చిందో నీకు! నేను అనలేదూ, చూసేవాళ్లుంటారని?"

సుబ్బరాజుగారి మొహంలో ఎరుపు, నలుపు, ఇంకా పేరు పెట్టని రంగులు కొన్ని వచ్చి పోయాయి. అరవడానికి నోరు తెరిచారు. ఎవరి మీద అరుస్తారు? నోరు మూసుకుని, మళ్లీ తెరిచి, "సరే అక్కా. మందులు వేసుకున్నావా?" అన్నారు.

ఆ మనిషి మీద నాకు ఆ క్షణంలో పుట్టిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. లింకు అప్పటికే మూసేశాను. ఆ మూడు నిమిషాలూ ఎక్కడెక్కడ పెట్టారో వెతికి, తీసేయమని అడిగి, తీయించేసరికి సాయంత్రమైంది. సినిమా తర్వాత విడుదలై, బతికి బట్టకట్టింది. దెయ్యం ఎవరో ముందే తెలిసినవాళ్లు, మాకు తెలుసని పక్కవాళ్లకి చెప్పుకోవడానికే వెళ్లారని నా అనుమానం.

రహమత్‌నగర్ డాబా మీద

"పద, నేనూ వస్తాను" అన్నారు పెద్దాయన. కారు ఆ సందులోకి పట్టదు. డెబ్బై దాటిన మనిషి, కర్ర ఆనించుకుంటూ నడిచారు. మూడంతస్తులు ఎక్కారు. యాదగిరి డాబా మీద ట్యాంకు పక్కన కూర్చుని ఉన్నాడు. పెద్దాయన్ని చూసి గబుక్కున లేచాడు.

"కూర్చో యాదగిరీ. నిన్ను అడిగిన పద్ధతి తప్పు. నీ క్యారియరు విప్పించడం ఇంకా తప్పు. రేపటి నుంచి రా" అన్నారాయన. రొప్పు తగ్గాక, "రాకపోతే నేను రోజూ ఇన్ని మెట్లెక్కాలి. చూడు మరి" అన్నారు.

"అయ్యో, గట్లనకుండ్రి సార్. వస్త."

పెద్దాయన మెట్లు దిగడం మొదలుపెట్టాక నేను అడిగాను. "నా పేరు ఎందుకు చెప్పలేదయ్యా? ఒక్క మాట చెబితే అయిపోయేది కదా."

యాదగిరి ట్యాంకు మూత సరిచేస్తూ చెప్పాడు. "నీ పేరు నేను జెప్తే నువ్వు దొంగవైతవన్నా. నువ్వే జెప్పుకుంటే తప్పు జేసినోనివైతవ్, గంతే. అందుకే ఆగిన."

కంప్యూటర్ భద్రత మీద నేను చదివిన పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే మా అపార్ట్‌మెంటు ఎత్తుంటాయి. వాటిలో దేనిలోనూ ఈ మాట లేదు. దొంగలు ఎప్పుడూ ఉంటారు, తాళాలూ ఉంటాయి. సినిమా బయటికి పోయింది దొంగవల్ల కాదు, తమ్ముడి మీద అక్క ప్రేమవల్ల, దానికి దారి వేసిన నా తెలివివల్ల. తప్పుని పెద్దది చేసేది సిగ్గు. ఫలానా లింకు నేనే నొక్కాను, ఆ నంబరు నేనే చెప్పాను అని మొదటి గంటలో ఒప్పుకోగలిగిన ఇల్లు, ఆఫీసు భద్రంగా ఉంటాయి. తప్పు చేసినవాణ్ణి చూసి నవ్వే చోట ఎన్ని తాళాలేసినా దండగే. అమ్మా, నీ ఆఫీసులో ఎవరైనా మొహం మాడ్చుకుని వచ్చి "ఒక పొరపాటు చేశానండీ" అంటే, ముందు కుర్చీ వేయి. తిట్లు తర్వాత చూసుకోవచ్చు.

నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. పెద్దాయన వేసిన శిక్ష ఒక్కటే. ఆ రిజిస్టరు నాకప్పగించారు. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ప్రతి డిస్కు రాకపోకలూ నా చేత్తోనే రాశాను, ఒక్క విశేషణం లేకుండా. యాదగిరి ఇప్పుడు ఎడిటరు. తెర మీద అతని పేరు ఒంటరిగా పడినప్పుడల్లా నేను ఈల వేస్తాను, మా ఆవిడ మోచేత్తో పొడుస్తుంది. పెద్దాయనకి, సుబ్బరాజుగారికి, మందులు వేళకి వేసుకుంటున్న సత్యవతి గారికి, నాకు తిండి పెట్టిన ఆ బల్లలన్నిటికీ రుణపడి ఉన్నాను.

పోతే, ఒక సవరణ

ఇందులో నేను కల్పించిందేమిటో కూడా చెప్పి ముగిస్తాను. గంగాళం నిజమే. బొబ్బట్లు మూడు. పారాయణం గ్రూపులో ఉన్నది నలభై రెండు మంది. ఇవి కల్పన కాదు, కాస్త ఉబ్బరం. ఊరికే అల్లింది ఒక్క వాక్యం: "ఫోన్ పెట్టేసి, తిన్నగా పెద్దాయన గదిలోకి నడిచాను."

నడవలేదు. సత్యవతి గారి ఫోన్ వచ్చింది మంగళవారం పొద్దున. నేను ఆ గదిలోకి వెళ్లింది గురువారం మధ్యాహ్నం. లింకు మాత్రం మంగళవారమే, ఎవరికీ చెప్పకుండా మూసేశాను. తర్వాత నా బల్ల దగ్గర కూర్చుని అన్నం తిన్నాను. బుధవారం అందరితో పాటు యాదగిరి ఖాళీ కుర్చీని చూశాను. అతని గురించి ఎవరో ఏదో అంటే అవునో కాదో అనకుండా తల ఊపాను. బుధవారం సాయంత్రం చెప్పేద్దామని రహమత్‌నగర్ దాకా నడిచాను. అతని సందు మొదట్లో కొట్టు దగ్గర టీ తాగాను. డబ్బులిచ్చి వెనక్కి తిరిగి వచ్చేశాను.

గురువారం పెద్దాయన మెట్లు దిగి వెళ్లాక, యాదగిరి ఆ మాట చెప్పాక, లక్ష్మి పైకి వచ్చింది. డాబా మీద నుంచి సందు మొత్తం కనిపిస్తుంది. చాప పరిచింది. చేతిలో గ్లాసు ఉంది.

"నిన్న గాడ ఛాయ్ తాగి పోయినవ్ గదన్నా," అంది. "ఇయ్యాల ఇంట్ల తాగు."